ఆవ పూల గొబ్బెమ్మలు

మా అపార్ట్‌మెంట్ వెనక కొత్త బిల్డింగ్ కడుతున్నారు. పనివాళ్ళు అక్కడే రేకుల షెడ్లు వేసుకుని ఉంటున్నారు. మొన్న సాయంత్రం బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తుంటే కింద నుంచి ఆవనూనె కాగుతున్న వాసన వచ్చింది. ఇనప మూకుట్లో పొగ లేచేదాకా కాచి, మంట తగ్గించి, అప్పుడు ఎండుమిరపకాయ వేస్తే వచ్చే వాసన అది. ముక్కులోంచి నెత్తికెక్కి కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది. ఆ వాసన రాగానే మా అంతస్తులో అందరూ కిటికీలు మూసేసుకుంటారు. నేను బట్టలు కుర్చీలో పడేసి కిందికి దిగాను.

షెడ్డు ముందు ఒకాయన ఇటుకల పొయ్యి మీద బంగాళాదుంపలు వేయిస్తున్నాడు. "కీ హాల్ ఛై?" అని పలకరించాను. చేతిలో గరిటె ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఒక తెలుగు ఆవిడ తన ఇంటి భాషలో బాగోగులు అడుగుతుందని ఆయన అనుకోలేదు. దర్భంగా దగ్గర పల్లెటూరట. మీకెలా వచ్చు దీదీ అని హిందీలో అడిగాడు. తొమ్మిదో క్లాసు మీ వైపే చదివానని చెప్పాను. చీకటి పడేదాకా అక్కడే నిలబడి మాట్లాడాను. పైకొచ్చాక కూడా ఆ ఏడాదంతా ఒకదాని వెనక ఒకటి గుర్తుకు రావడం మొదలుపెట్టింది. రాసి పెట్టుకుందామనిపించింది.

*

మాది పల్నాడు వైపు మిరప పండించే ఊరు. ఐదో క్లాసులో ఉండగా మా సారు నవోదయ ఎంట్రన్స్ రాయించారు. ఆరో క్లాసుకి ఇనప ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నాన్న నన్ను హాస్టల్లో దింపి వచ్చాడు. జిల్లాకో నవోదయ ఉండాలి, ముప్పావు వంతు సీట్లు పల్లెటూరి పిల్లలకే ఇవ్వాలి, తిండీ బట్టా పుస్తకాలూ ప్రభుత్వమే చూసుకోవాలి అన్న ఏర్పాటు 1985-86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతి బళ్ళతో మొదలైంది. అప్పుడు కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్నది మన పి.వి. నరసింహారావు గారు. అంతకు ముందు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించిందీ ఆయనే. మా ఊరి పిల్ల బీహార్ దాకా వెళ్ళి చదివిందంటే అందులో ఆయన చెయ్యి ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

నవోదయలో అన్నిటికంటే గొప్ప సంగతి మైగ్రేషన్. తొమ్మిదో క్లాసుకి వచ్చాక ముప్పై శాతం పిల్లల్ని ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకి పంపుతారు. హిందీ జిల్లాలోని బడికీ, హిందీ కాని జిల్లాలోని బడికీ జత ఉంటుంది. అక్కడివాళ్ళు ఇక్కడికి, ఇక్కడివాళ్ళు అక్కడికి. టూరు లాంటిది కాదు. అక్కడే నిద్ర, అక్కడే తిండి, అక్కడే జ్వరాలు, అక్కడే పరీక్షలు.

మా బడికి ఏటా బీహార్ పిల్లలు వచ్చేవాళ్ళు. నేను ఆరులో ఉన్నప్పుడు వచ్చిన 'మైగ్రేషన్ దీదీ'లు మొదటి వారం సాంబారు చూసి ఏడ్చారు. రాత్రి పూట కూడా అన్నమేనా అని ఏడ్చారు. మెస్సులో వంట చేసే ఆంటీ జాలిపడి వాళ్ళ కోసం మందంగా రొట్టెలు కాల్చేది. మార్చి వచ్చేసరికి ఆ దీదీలే "ఆంటీ, కొంచెం గోంగూర ఎయ్యి" అని మా పల్నాడు యాసలో అడిగేవాళ్ళు. హోలీ అంటే మా ఊళ్ళో పెద్దగా తెలియదు. హాస్టల్లో మా మొహాలకి మొట్టమొదట రంగు పూసింది వాళ్ళే. ఆ రంగు చెవుల వెనక చాలా రోజులు వదల్లేదు.

నా వంతు వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. "ఆడపిల్లని అంత దూరం ఎట్టా పంపుతావురా? అక్కడ తిండేంది, నీళ్ళేంది?" అని నాయనమ్మ. నాన్న మాత్రం "గవర్నమెంటు సార్లే తీసుకుపోతారు, వాళ్ళే తీసుకొస్తారు. మనం సూడని ఊళ్ళు అదన్నా సూడనీయమ్మా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఎండాకాలం పెట్టిన ఆవకాయలోంచి ఒక చిన్న జాడీ వేరుగా తీసి గుడ్డ కట్టింది. అమ్మ ఒప్పుకుందని అప్పుడే అర్థమైంది.

*

విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఒక సారు, ఒక మేడమ్, మా పిల్లలం. బల్హార్షా, నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్. స్టేషన్ మారినప్పుడల్లా టీ అమ్మేవాడి కేక మారేది. మొఘల్‌సరాయిలో మట్టి ముంతలో టీ ఇచ్చారు. తాగి పారేయమన్నారు. మాకు చేతులు రాలేదు. అంత చక్కటి ముంత ఎందుకు పారేయాలని కడిగి ట్రంకు పెట్టెల్లో దాచుకున్నాం. (ఆ స్టేషన్ పేరు తర్వాత మార్చారు గానీ నాకు మాత్రం అది మొఘల్‌సరాయే.)

పట్నాలో దిగి బస్సెక్కాం. గంగ దాటాలి. జులై నెల, నది నిండుగా ఉంది. మట్టి రంగు నీళ్ళు, అవతలి ఒడ్డు కనపడదు. మాకు తెలిసిన పెద్ద వంతెనంటే ప్రకాశం బ్యారేజీ, అది కిలోమీటరు పైచిలుకు. ఈ మహాత్మాగాంధీ సేతు ఐదున్నర కిలోమీటర్లకు పైనే. 1982లో రాకపోకలకి తెరిచారట. బస్సు ఎంతకీ వంతెన దిగదు. మా పక్కనున్న పిల్లలు కిటికీలోంచి చిల్లర డబ్బులు వేసి దణ్ణాలు పెట్టుకున్నారు. మేడమ్ తన మాటగా ఏదో చెప్పబోయి గొంతు పట్టేసి ఊరుకున్నారు. ఆవిడ తల్లి అస్థికలు కలిపింది ఆ గంగలోనేనని చాలా రోజులకి తెలిసింది.

వంతెన దిగాక హాజీపూర్ అరటి తోటలు. ఇంకా పైకి వెళ్తే ఎటు చూసినా చెరువులు. మిథిల ప్రాంతమంతా చెరువులే. ప్రతి ఊరికి ఒకటి రెండు కాదు, వీధికొకటి ఉన్నట్టు ఉంటాయి. వాటిలో తామరాకులంత పెద్ద ముళ్ళ ఆకులు పరుచుకుని ఉంటే అది మఖానా అని చెప్పారు. నీళ్ళలో మునిగి అడుగున రాలిన గింజలు ఏరి, ఎండబెట్టి, వేయించి, వేడి మీదే చెక్క సుత్తితో కొడితే తెల్లగా పేలాల్లా విచ్చుకుంటాయి. ఇప్పుడు హైదరాబాద్ సూపర్ మార్కెట్లో ప్యాకెట్టు కొనేవాళ్ళెవరికీ ఆ మునిగి తీసే మనిషి కనపడడు. నేను ఒక ఆదివారం గట్టు మీద కూర్చుని చూశాను. ఆయన బయటికి వచ్చినప్పుడు చేతులనిండా ముళ్ళు గీరిన గీతలు.

*

మొదటి నెల ఆవనూనెతోనే సరిపోయింది. పప్పులో అదే, కూరలో అదే, దుంపలు మెదిపి చేసే చోఖాలో పచ్చిదే. మా తెలుగు పిల్లలం మెస్సు తలుపు దగ్గర నిలబడి ఒకరినొకరం ముందుకు తోసుకునేవాళ్ళం. తర్వాత చలికాలంలో అదే నూనె గోరువెచ్చగా చేసి పక్క మంచం పిల్ల నా అరికాళ్ళకి రాసింది. అప్పటి నుంచీ ఆ వాసనంటే భయం పోయింది.

ఆ పక్క మంచం పిల్ల గురించి చెప్పాలి. మధుబని వైపు పల్లె. వచ్చిన రోజే నా జాడీ మీద కన్ను పడింది. రాత్రి లైట్లు ఆపాక మంచం మీద కూర్చుని మూత తీశాను. అన్నం లేకుండా ఉత్తి ముక్క నోట్లో పెట్టుకుంది. గుంటూరు కారం. కళ్ళు ఎర్రబడ్డాయి, నోరు తెరిచి ఊదుకుంది, గ్లాసెడు నీళ్ళు తాగింది. తాగాక మళ్ళీ చెయ్యి చాపింది. మర్నాడు వాళ్ళమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి నాకు పెట్టింది. పెద్ద ముక్కలు, సోంపు, ఆవనూనె, దాదాపు కారం లేదు. మా అమ్మ పచ్చడికి నువ్వుల నూనె పోసి ఆవపిండి కలుపుతుంది. వాళ్ళమ్మ ఆవనూనెలోనే ఊరబెడుతుంది. ఆ రెండూ కలుపుకుని రొట్టెలో చుట్టుకు తినడం మేమిద్దరం కనిపెట్టిన వంట. అంత రుచి నేను మళ్ళీ ఎక్కడా తినలేదు.

అక్కడ మమ్మల్ని చూడగానే "మద్రాసీలు" అన్నారు. తమిళనాడులో అసలు నవోదయలే లేవు, మేం మద్రాసు నుంచి ఎలా వస్తామని మా మేడమ్ నవ్వుతూ వాళ్ళకి చెప్పేవారు. మేం మాత్రం తక్కువా, వాళ్ళందర్నీ కలిపి "హిందీ వాళ్ళు" అనేవాళ్ళం. ఒక వారం గడిచాక గమనించాను. క్లాసులో మాట్లాడే హిందీ వేరు, రాత్రి దుప్పట్లో గుసగుసలాడుకునే మాట వేరు. పక్క మంచం పిల్ల ఇంట్లో మైథిలి. ఎదుటి మంచం పిల్ల ఇంట్లో బజ్జిక. చంపారన్ వైపు నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో భోజ్‌పురి. హిందీ వాళ్ళకీ బళ్ళోనే నేర్పారు, మాకులాగే. మైథిలికి వెనకటి నుంచీ తిర్హుతా అని సొంత లిపి కూడా ఉంది. 2003లో మైథిలిని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేర్చారని పేపర్లో చదివిన రోజు ఆ పిల్లకి ఉత్తరం రాశాను.

మాతో వచ్చినవాళ్ళలో ఒక నూర్‌బాషా అమ్మాయి ఉండేది. ఇంట్లో పూర్తిగా తెలుగే. అక్కడి ముస్లిం పిల్లలు ఆమెని చూసి మొదట సంబరపడ్డారు, ఉర్దూలో మాట్లాడబోయారు. ఆమెకి ఒక్క ముక్క రాదు. అసలు ఉర్దూ రాని ముసల్మాను ఎలా ఉంటుందని వాళ్ళకి ఆశ్చర్యం. మా వైపు దూదేకుల వాళ్ళందరూ ఇలాగే, పీర్ల పండగ మా ఊరంతా చేస్తాం అని ఆమె వచ్చీరాని హిందీలో ఓపిగ్గా చెప్పింది. రంజాన్ వచ్చేసరికి వాళ్ళంతా తెల్లవారుజామున ఒక్కచోటే కూర్చుని సెహరీ తినేవాళ్ళు. ఆమె వాళ్ళకి తెలుగులో అంకెలు నేర్పింది. సూర్యాస్తమయానికి ఎన్ని నిమిషాలుందో తెలుగులో లెక్కపెట్టేవాళ్ళు.

*

ఆ బళ్ళో ఒక తెలుగు మాస్టారుండేవారు. మా జత బడి కాబట్టి అక్కడి పిల్లలకి మూడో భాషగా తెలుగు నేర్పుతారు. ఆరో క్లాసు బీహారీ పిల్లలు అ ఆ ఇ ఈ పాడుతుంటే మొదటిసారి విని వరండాలో ఆగిపోయాను. వేల కిలోమీటర్ల అవతల, ఇటుక బట్టీల మధ్య ఒక రేకుల గదిలో మా అక్షరాలు వినపడుతున్నాయి. 'ళ' వాళ్ళకి పలకదు. మాస్టారు మమ్మల్ని పిలిచి బోర్డు పక్కన నిలబెట్టి, "చెప్పండర్రా, కళ్ళు, పళ్ళు, నీళ్ళు, వీళ్ళు విని నేర్చుకుంటారు" అనేవారు. పిల్లలు మా నోళ్ళలోకి చూస్తూ నాలిక మడిచేవాళ్ళు.

మాస్టారు ప్రకాశం జిల్లా ఆయన. క్వార్టర్ ముందు కిరసనాయిలు డబ్బాలో కరివేపాకు మొక్క పెంచేవారు. చలికాలం వస్తే అది ఆకులన్నీ రాల్చేసేది. రాత్రుళ్ళు గోనె సంచి కప్పి, పొద్దున్నే తీసి, ఎండ తగిలేలా డబ్బాని ఈడ్చేవారు. నెలకొకసారి ఆదివారం మమ్మల్ని పిలిచి చారు పోసేవారు. ఆ చారులో రెండంటే రెండు రెబ్బలు. ఆయన భార్య మా అందరి గిన్నెల్లోకి తలా ఒక ఆకు వచ్చేలా గరిటెతో వెతికి మరీ వేసేది. ఆకు తీసి పక్కన పెట్టేవాళ్ళం కాదు, నమిలి తినేవాళ్ళం.

చదువు సంగతి ఎక్కువ చెప్పను. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో ఉండేవి కాబట్టి ఇబ్బంది లేదు. సోషల్ మాత్రం హిందీలో. పరీక్ష ముందు రోజు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. పక్క మంచం పిల్ల నాకు సోషల్ చదివి వినిపించేది, నేను ఆమెకి ఆల్జీబ్రా చేసి పెట్టేదాన్ని.

*

దీపావళి సెలవులకి అక్కడి పిల్లలంతా ఇళ్ళకి పోయారు. మాకు రానూపోనూ కుదరదని ఉండిపోయాం. హాస్టల్ బోసిపోయింది. అప్పుడు సైన్స్ సారు వాళ్ళమ్మగారు మమ్మల్ని చేరదీశారు. అందరం దాదీ అనేవాళ్ళం. ఆవిడ సూర్యుడికి చేసే ఛఠ్ వ్రతం పట్టే మనిషి.

కార్తీక శుద్ధ చవితి నాడు ఆవిడ వ్రతం మొదలైంది. అదే రోజు మా ఊళ్ళో నాగుల చవితి. నాయనమ్మ పుట్ట దగ్గర పాలు పోసి చిమ్మిలి, చలివిడి పెడుతూ ఉంటుంది. ఇక్కడ దాదీ తలస్నానం చేసి, ఉల్లి వెల్లుల్లి లేని సొరకాయ కూర, పప్పు, అన్నం ఒక్క పూట తింది. మర్నాడు ఖర్నా. పొద్దంతా ఉపవాసం ఉండి సాయంత్రం బెల్లం పాయసం. ఆ తర్వాత ఇంక పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. ఆ వయసులో, ఆ చలిలో.

ప్రసాదంగా పెట్టే ఠేకువా చెయ్యడానికి మమ్మల్ని స్నానం చేసి రమ్మంది. గోధుమ పిండి, బెల్లం నీళ్ళు, నెయ్యి. ముద్ద చేసి, ఆకు గీతలు చెక్కిన చెక్క అచ్చు మీద బొటనవేలితో ఒత్తాలి. కొత్త మట్టిపొయ్యి, మామిడి కట్టెలు. ఒక్కటి కూడా రుచి చూడకూడదు. వాసనకే నోరూరిపోయేది. మా నూర్‌బాషా అమ్మాయి దూరంగా నిలబడితే దాదీ పిలిచి కట్టెలు అందించమంది. "సూరజ్ సబ్‌కా హై" అంది అంతే, ఇంకేం మాట్లాడలేదు, పని చూసుకుంది.

సాయంత్రం చెరువు గట్టుకి వెళ్ళాం. చేటల్లో ఠేకువాలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, ఆకులతో సహా పచ్చి పసుపు కొమ్ములు, పెద్ద దబ్బకాయలు. నిలబెట్టిన చెరుకు గడలు. పురోహితుడు లేడు. ఆడవాళ్ళే నడుము లోతు నీళ్ళలో నిలబడి మునిగే సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చారు. ముక్కు మీద నుంచి పాపిట దాకా నారింజ రంగు సిందూరం. మళ్ళీ తెల్లవారుజామున చీకట్లో వచ్చి, నీళ్ళలో దిగి, పొద్దు పొడిచేదాకా పాటలు. ఉదయించే సూర్యుడికి దణ్ణం పెట్టడం నాకు తెలుసు. అస్తమించే సూర్యుడికి అంత భక్తిగా మొక్కడం అక్కడే చూశాను. దాదీ గట్టెక్కి వణికే చేతులతో మొదటి ఠేకువా మా చేతుల్లోనే పెట్టింది.

*

ఛఠ్ అయిన కొద్ది రోజులకే ఏకాదశి. మర్నాడు మా ఇంట్లో అయితే క్షీరాబ్ది ద్వాదశి, తులసికోట దగ్గర ఉసిరి కొమ్మ పెట్టి దీపాలు వెలిగిస్తారు. దాదీ వాళ్ళు ఏకాదశి నాడు విష్ణువుని నిద్ర లేపుతారు. అందుకు వాకిట్లో అరిపన్ వేస్తుంది.

నానబెట్టిన బియ్యాన్ని రోట్లో రుబ్బి, పల్చగా నీళ్ళు కలిపి ఒక గిన్నెలో తెచ్చుకుంది. పేడతో అలికిన నేల ఇంకా తడిగానే ఉంది. గిన్నెలో రెండు వేళ్ళు ముంచి, మధ్యలో మొదలుపెట్టి బయటికి పోతుంది. పిండినీళ్ళు వేళ్ళ చివర్ల నుంచి ధారగా జారుతుంటే గీత వచ్చేస్తుంది. నీళ్ళలా ఉన్నప్పుడు గీత కనపడదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. ఏం వేస్తుందో తన మనసులోనే ఉంటుంది, మాకు కాసేపయ్యాక గానీ తెలియదు. పాదాలు, తామరలు, చుట్టూ తీగలు. ఆఖర్న సిందూరం బొట్లు పెట్టింది.

నేను ఊరుకోలేక నేనూ వేస్తానన్నాను. ముగ్గు లేదు, మెస్సు నుంచి పొడి బియ్యప్పిండి తెచ్చాను. చుక్కలు పెట్టడం మొదలుపెడితే దాదీకి అర్థం కాలేదు. ఇన్ని చుక్కలెందుకు, ముత్యాలు చల్లుతున్నావా అంది. చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ, ఒకే గీతని ఎక్కడా తెగకుండా తిప్పి తెచ్చి మొదటి చోటే కలిపాను. దాదీ వంగి, గాలిలో వేలు పెట్టి ఆ గీత వెంట మొత్తం తిరిగింది. ఎక్కడా తెగలేదని చూసుకుని నా గడ్డం పట్టుకుంది. ఆ తర్వాత నాకు పిఠార్, అంటే ఆ పిండినీళ్ళ గిన్నె, చేతికిచ్చింది, తను పొడి పిండి తీసుకుంది. ఆవిడకి రెండు వేళ్ళ మధ్య పిండి సన్నగా జారలేదు, నాకు తడి గీత నిలవలేదు. పొద్దుగూకేదాకా ఆ వాకిట్లోనే కూర్చున్నాం.

ఆవిడ పుట్టిల్లు మధుబని పక్క ఊరే. కొత్త దంపతుల గది గోడ మీద తామరలు, వెదురు, చేపలు, చిలకలు వెయ్యడం చిన్నప్పుడే నేర్చుకుందట. 1966-67 కరువులో ఢిల్లీ నుంచి హస్తకళల వాళ్ళు వచ్చి, ఆ గోడల బొమ్మలే కాగితం మీద వేసివ్వండి, డబ్బులిస్తాం అని కాగితాలు పంచారు. జిత్వార్‌పూర్, రాంటీ లాంటి ఊళ్ళ ఆడవాళ్ళు అలా వేయడం మొదలుపెట్టారు. వాళ్ళలో జగదంబా దేవికి 1975లోనే పద్మశ్రీ వచ్చింది. దాదీ మాత్రం ఎప్పుడూ కాగితం ముట్టలేదు. గోడ మీదే వేసింది, సున్నం కొట్టినప్పుడల్లా అవి పోయాయి.

అదే నెలలో సెలవుల నుంచి తిరిగొచ్చిన పిల్లలు సామా-చకేవా ఆడారు. మట్టితో చిన్న చిన్న పిట్టలు చేసి, వెదురు బుట్టలో దీపంతో పెట్టుకుని, రాత్రిపూట పాటలు పాడుతూ తిరుగుతారు. చాడీలు చెప్పే చుగ్లా అని ఒక బొమ్మ ఉంటుంది. వాడికి జనపనార మీసాలు పెట్టి, రోజూ కాస్త కాస్త కాలుస్తారు. మా హాస్టల్లో వార్డెన్‌కి అందరి సంగతులూ మోసే ఒకరిని తలుచుకుని కాల్చామని వేరే చెప్పాలా. కార్తీక పౌర్ణమి నాడు పిట్టల్ని పంట పొలంలో సాగనంపుతారు. హిమాలయాల నుంచి చలికాలం గడపడానికి పక్షులు ఆ చెరువులకి వచ్చేదీ అప్పుడే.

*

జనవరిలో పొగమంచు. పది గంటలైనా ఎదురుగా ఉన్న మెస్సు కనపడేది కాదు. మాకెవరికీ సరైన స్వెట్టర్లు లేవు. మా పల్నాడులో స్వెట్టర్ కొనే పని ఏముంటుంది. దాదీ బోర్సీ అనే మట్టి కుంపటి చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టుకునేది.

సంక్రాంతికి వాళ్ళు అటుకులు, గడ్డ పెరుగు, బెల్లం, నువ్వుల తిల్‌కుట్ తింటారు. మాకు ఇల్లు గుర్తొచ్చి ఎవరికి వాళ్ళం ముసుగుతన్ని పడుకున్నాం. మా తెలుగు మాస్టారి భార్య వచ్చి, లేవండే, గొబ్బెమ్మలు పెడదాం అంది. వాచ్‌మన్ పేడ తెచ్చిచ్చాడు. గొబ్బెమ్మలు చేశాం గానీ నెత్తిన పెట్టడానికి బంతి పూలు లేవు, గుమ్మడి పూలు లేవు. కాంపౌండ్ గోడ అవతల చూస్తే మంచులోంచి ఎటు చూసినా పసుపు. ఆవ చేలు పూత మీద ఉన్నాయి. రైతుని అడిగి ఒడి నిండా తెచ్చుకున్నాం.

గొబ్బెమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే మొదట మెట్ల మీద నిలబడి చూశారు. తర్వాత పక్క మంచం పిల్ల వచ్చింది. ఆమె వెంట అందరూ. పాట రాదు, అయినా ప్రతి చరణం చివర పల్లవి పట్టేసుకున్నారు. వాళ్ళూ కార్తీకంలో తిరిగిన పిల్లలే కదా, అడుగు ఎలా వెయ్యాలో చెప్పక్కర్లేకపోయింది. ఎండాక పిడకలు ఏం చేస్తారని వాళ్ళడిగితే, రథసప్తమికి పాలు పొంగిస్తామని చెప్పాం. సూర్యుడికేనా అని దాదీ అడిగింది. సూర్యుడికే అన్నాం. ఆ పిడకలు ఆవిడే ఎండబెట్టి దాచింది. రథసప్తమి నాడు ఆ మంచులోనే ఆవిడ వాకిట్లో పాలు పొంగించాం.

ఆ ఏడాది బడి వార్షికోత్సవంలో మేం వెదురు కర్రలతో కోలాటం వేశాం. వాళ్ళు చిల్లుల కుండల్లో దీపాలు పెట్టుకుని ఝిఝియా ఆడారు. చప్పట్లు బాగానే పడ్డాయి. అవన్నీ ఫోటోల్లో ఉన్నాయి. చారులో కరివేపాకు, వాకిట్లో అరిపన్, బోర్సీ చుట్టూ కబుర్లు ఏ ఫోటోలోనూ లేవు. అందుకే వాటి గురించే ఎక్కువ రాశాను.

*

మా అన్నయ్య కూతురు చదివే బళ్ళో ఇప్పుడు ఏటా ప్రపంచ సంస్కృతుల దినం చేస్తున్నారు. ఐక్యరాజ్యసమితి మే 21ని సాంస్కృతిక వైవిధ్య దినంగా పెట్టింది. అప్పుడు మనకి వేసవి సెలవులు కాబట్టి వీలున్న రోజు చూసుకుంటారు. ఒక్కో సెక్షన్‌కి ఒక్కో దేశం. వేరే బళ్ళలో 2015 తర్వాత వచ్చిన ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ కింద తెలంగాణకి హర్యానాని, ఆంధ్రకి పంజాబ్‌ని జత చేసి ఆటపాటలు చేయిస్తున్నారు. ఇవన్నీ మంచివే. రంగు కాగితాలతో జపాన్ లాంతరు చెయ్యడానికి నేనూ కూర్చున్నాను. మా పిల్ల గమ్ము రాస్తూ రాస్తూ, "అత్తా, జపాన్ పిల్లలు బడికి పోయేముందు ఏం తింటారు? వాళ్ళ నాయనమ్మలు వాళ్ళని ఏమని తిడతారు?" అని అడిగింది. ఛార్టులో రాయడానికి పనికొచ్చే ప్రశ్నలు కావు. కానీ నాకు ఒళ్ళు పులకరించింది. ఇలాంటి ప్రశ్నలకి జవాబు ఒక పూటలో దొరకదు. ఎవరింటి వాకిట్లోనో ఒక కార్తీకం, ఒక సంక్రాంతి గడపాలి. మనకి ఆ ఏర్పాటు ఉంది, పేద పిల్లలకీ అందేలా ఉంది. దాన్ని నిలబెట్టుకోవాలని, మిగతా బళ్ళకీ ఏదో రకంగా అందించాలని నాకు గట్టిగా ఉంటుంది.

మాకు పరీక్షలు అయిపోయి వచ్చేసేటప్పటికి ముజఫర్‌పూర్ లిచీలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పండాక పంపిస్తామన్నారు గానీ లిచీ అంత దూరం ఆగే పండు కాదు. దాదీ పోయిన సంగతి ఇంటర్‌లో ఉండగా ఉత్తరంలో తెలిసింది. తెలుగు మాస్టారు రిటైరై ఒంగోలులో ఉంటున్నారు. పెరట్లో ఇంటి ఎత్తు కరివేపాకు చెట్టు.

పక్క మంచం పిల్ల ఇప్పుడు అక్కడే ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్. ఆమె కూతురు మా ఆ బళ్ళోనే ఎనిమిది చదువుతోంది. వచ్చే జులైలో మైగ్రేషన్‌కి ఆంధ్రాకి వస్తోందని మొన్ననే ఫోన్. అమ్మ టెన్షన్ అంతా ఇంతా కాదు. అక్కడ ఎండలెలా ఉంటాయి, రాత్రి రొట్టె పెడతారా, సాంబారు పుల్లగా ఉంటుందా అని ఒకటే ప్రశ్నలు. రజాయి మొయ్యక్కర్లేదు, ఒక పల్చటి దుప్పటి చాలన్నాను. సత్తు పిండి ఒక డబ్బా పెట్టమన్నాను. ఆవకాయ ఉత్తిది తినొద్దని, ముందు అన్నంలో నెయ్యి వేసుకోమని చెప్పమన్నాను. "నేను చెప్తే వింటుందా, నేనే వినలేదుగా" అని నవ్వింది. పిల్ల ఫోన్ లాక్కుని, "మౌసీ, మా అమ్మ చెప్పిన చుక్కల ముగ్గు నేర్పుతావా?" అంది. పేరెంట్స్ వచ్చే మొదటి ఆదివారమే వస్తానన్నాను. మా అన్నయ్య కూతుర్ని కూడా తీసుకెళ్తున్నాను.